నిద్రపోని బిడ్డ – అలసిపోయిన తల్లి

“సిస్టరమ్మా, ఈ బిడ్డను మీరే ఉంచేసుకోండి. ఇక నా వల్ల కాదు.”

పది వారాల టీకాకు తీసుకొచ్చిన పాపను నా బల్ల మీద పడుకోబెట్టి ఒక తల్లి అన్న మాట ఇది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. జుట్టు దువ్వుకోలేదు. జాకెట్టు మీద పాలమరకలు ఆరిపోయి ఉన్నాయి. వెంట వచ్చిన అత్తగారు కంగారుపడి, “అదేం మాటే, తప్పు కాదూ!” అని కసిరింది. ఆ అమ్మాయి బదులు చెప్పలేదు, ఏడవనూ లేదు. గోడవైపు చూస్తూ నిలబడింది.

ముప్పయ్యేళ్లుగా తల్లులను, బిడ్డలను చూస్తున్నాను. ఏడ్చే బాలింతను ఓదార్చడం తెలుసు. ఏడుపు కూడా రాని బాలింతను చూస్తే మాత్రం నాకు భయం వేస్తుంది.

డాక్టరుగారు పాపను తల నుంచి పాదాల వరకు పరీక్షించారు. జ్వరం లేదు. చెవులు, నోరు, పొట్ట అన్నీ బాగున్నాయి. పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు ఉన్న పాప 5 కిలోలకు చేరింది. రోజుకు ఏడెనిమిది సార్లు మూత్రం పోస్తోంది. పలకరిస్తే నవ్వింది కూడా. జబ్బు ఏమీ లేదు. కాని పగలు ఇరవై నిమిషాలు, రాత్రి గంట, అంతకు మించి నిద్రపోదు. కింద పెడితే ఏడుపు. ఎత్తుకుని కూర్చున్నా ఏడుపే. ఎత్తుకుని నడుస్తూ ఉండాలి. చూడవచ్చిన వాళ్లలో ఒకరు పాలు చాలడం లేదన్నారు, ఒకరు దిష్టి అన్నారు, ఒకరు ఎత్తు మరిపావన్నారు. మొత్తం మీద తప్పంతా ఆ తల్లిదే అయింది.

ఇలాంటి బిడ్డలున్న తల్లుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. వారికంటే ముందు ఆ ఇంట్లో ఉన్న మిగతావారు చదవాలని నా కోరిక.

పసిబిడ్డ నిద్ర వేరు

మొదటి మూడు నెలల్లో బిడ్డలు 24 గంటల్లో సుమారు 14 నుంచి 17 గంటలు నిద్రపోతారు. వినడానికి చాలా ఎక్కువగానే ఉంటుంది. కాని ఒక్కసారిగా పోయే నిద్ర కాదది, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పుట్టిన రోజున బిడ్డ పొట్టలో పట్టేవి ఒక చెంచాడు పాలు. తల్లిపాలు త్వరగా అరుగుతాయి. అందుకే రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. పగలేదో రాత్రేదో వారి శరీరానికి తెలియడం మొదలయ్యేది రెండో మూడో నెల నిండాకే. మనకు నిద్రలో ఒక విడత సుమారు గంటన్నర ఉంటే, పసివారికి ముప్పావుగంట, గంట మధ్య ఉంటుంది. ఒక విడత అయ్యాక మనం ఒత్తిగిలి మళ్లీ పడుకుంటాం. వాళ్లు లేచి పిలుస్తారు.

ఏడుపుకూ ఒక లెక్క ఉంది. 1962లో బ్రేజెల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 80 మంది ఆరోగ్యవంతమైన పసివారి తల్లుల చేత, బిడ్డ రోజుకు ఎంతసేపు ఏడుస్తుందో రాయించారు. ఆరో వారంలో ఆ ఏడుపు రోజుకు దాదాపు రెండుముప్పావు గంటలకు చేరింది. ఏ జబ్బూ లేని బిడ్డల సంగతే ఇది. ఆ తర్వాత మెల్లగా తగ్గుముఖం పట్టింది. మన ఇళ్లలోనూ అంతే. ఆరో వారంలో సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మొదలై రాత్రి పొద్దుపోయే దాకా సాగే ఏడుపు మూడు నాలుగు నెలలకు చాలావరకు తగ్గుతుంది.

కొందరు బిడ్డల తీరే అంత

ఒకే తల్లి కడుపున పుట్టినా పెద్దది పెట్టినచోట నిద్రపోతుంది, రెండోది గాలి కదిలినా లేస్తుంది. పెంపకంలో లోపం వల్ల ఇలా అవుతుందనుకోకండి. న్యూయార్కులో థామస్, చెస్ అనే డాక్టరు దంపతులు 1956లో మొదలుపెట్టి కొంతమంది పిల్లలను పసితనం నుంచి ఏళ్ల తరబడి గమనించారు. సుమారు పదిమందిలో ఒకరు పుట్టుకతోనే కష్టమైన స్వభావం గలవారని తేల్చారు. వీరికి నిద్రకు, పాలకు ఒక వేళ ఉండదు. కొత్తది ఏదీ త్వరగా అలవాటు కాదు. ఏడిస్తే గట్టిగా ఏడుస్తారు.

అమెరికాలోనే విలియం సియర్స్ అనే పిల్లల డాక్టరు ఉన్నారు. ఆయన భార్య మార్తా నర్సు. ముగ్గురు పిల్లలు సులువుగా పెరిగారు. నాలుగో బిడ్డ వచ్చాక ఆ డాక్టరూ నర్సూ కూడా చేతులెత్తేసే పరిస్థితి వచ్చింది. ఆ పాప చంక దిగేది కాదు. ఆ అనుభవంతోనే ఇలాంటివారికి ‘ఎక్కువ అవసరాలున్న బిడ్డ’ అని పేరు పెట్టి, తల్లిదండ్రుల కోసం పుస్తకాలు రాశారు. డాక్టరు ఇంట్లోనే అలా జరిగినప్పుడు, తొలిచూలు బిడ్డను పెంచుతున్న ఇరవై ఏళ్ల పిల్లను తప్పుపట్టడం న్యాయమా?

ముందు జబ్బు లేదని తేల్చుకోండి

“కొందరు అంతే” అనుకునే ముందు ఒకసారి డాక్టరుకు చూపించాలి. చెవినొప్పి, నోటిపూత, మూత్రంలో ఇన్ఫెక్షన్, పాలు పైకి తన్నడం, ముక్కు దిబ్బడ ఉన్నా బిడ్డ నిద్రపోదు. ఆరు నెలలు దాటిన బిడ్డల్లో రక్తం తక్కువైనా నిద్ర కలతగా ఉంటుంది. ఇంట్లో మీరు బట్టలన్నీ విప్పి చూడండి. మొలతాడు, చేతి దారం బిగిసిందా? కాలి వేలికో చేతి వేలికో తల్లి వెంట్రుక చుట్టుకుని కోసుకుపోతోందా? గంటల తరబడి ఏడ్చిన బిడ్డ కాలివేలికి చుట్టుకున్న వెంట్రుక తీసేయగానే నిద్రపోవడం నేను చూశాను.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి రండి:

– మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు లేక అంతకు మించి జ్వరం
– పాలు తాగకపోవడం, లేపినా మత్తుగా ఉండటం
– ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం
– నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి, డొక్కలు ఎగరేయడం
– మాడు ఉబ్బడం, ఫిట్స్
– ఏడుపు తీరు ఒక్కసారిగా మారడం, కీచుగా లేక మూలుగుగా రావడం
– రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ మూత్రం

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పలేం. బరువును, మూత్రాన్ని బట్టి చెప్పాలి. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. డబ్బాపాలు మొదలుపెట్టకండి.

ఎత్తుకుంటే చెడిపోతుందా?

పెద్దవాళ్లు తరచుగా అనే మాట ఇది: “ఎత్తు మరిపితే రేపు నీకే కష్టం.” తొమ్మిది నెలలు తల్లి కడుపులో ఊగుతూ పెరిగిన బిడ్డ అది. మరిగి రావడమే మరిగి వచ్చింది, మనం కొత్తగా మరపనక్కర్లేదు. కెనడాలోని మాంట్రియల్‌లో 1986లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఏడ్చినా ఏడవకపోయినా రోజూ ఎక్కువసేపు ఎత్తుకున్న బిడ్డలు, ఆరో వారానికి మిగతావారి కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. అంటే ఎత్తుకోవడం వల్ల ఏడుపు తగ్గింది.

ఎత్తుకుని నిద్రపుచ్చి, పక్కమీద దించగానే లేచిపోతోందా? దానికి జపాన్ పరిశోధకులు 2022లో ఒక పద్ధతి చెప్పారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే దించకూడదు. కూర్చుని ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే ఉంచుకుని, నిద్ర గట్టిపడ్డాక పడుకోబెట్టాలి. మా వార్డులో తల్లులకు ఇది నేర్పుతున్నాం. అందరికీ కాకపోయినా చాలామందికి పనిచేస్తోంది.

మరికొన్ని సంగతులు:

పగటిపూట గదిలో వెలుతురు, మామూలు సందడి ఉండనివ్వండి. రాత్రి పాలిచ్చేటప్పుడు సన్నని దీపం చాలు. మాటలు, ఆటలు వద్దు. టీవీ, సెల్‌ఫోను ఆ గదిలో వద్దు. రోజూ ఒకే వరుస పాటించండి: సాయంత్రం గోరువెచ్చని స్నానం, పాలు, జోల. మూడు నెలల తర్వాత ఆ వరుసను బిడ్డ గుర్తుపడుతుంది. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయకండి. ముక్కు దిబ్బడకు అదొక కారణం.

ఉలికిపడి లేచే చిన్నబిడ్డను పలచని నూలుబట్టలో వదులుగా చుట్టవచ్చు. బోర్లా పడటానికి ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం మానేయాలి. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి. తలకింద దిండు, పైన బరువు దుప్పటి వద్దు. చీర ఉయ్యాలలో గడ్డం గుండెకు ఆనుకునేలా ముడుచుకుపోతే ఊపిరి ఆడదు, కాబట్టి మనిషి దగ్గర ఉన్నప్పుడే ఊపండి. మత్తుమందు, తాగుడు అలవాటున్నవారి పక్కన బిడ్డను పడుకోబెట్టవద్దు. సోఫాలో, కుర్చీలో బిడ్డను పొట్టమీద వేసుకుని నిద్రపోవద్దు.

నిద్రకు మందు లేదు

ఈ భాగం నాయనమ్మలూ అమ్మమ్మలూ కూడా వినేలా ఇంట్లో గట్టిగా చదవమని నా మనవి.

జాజికాయ అరగదీసి నాకించడం మన ఇళ్లలో పాత అలవాటు. జాజికాయలో మైకం కమ్మించే పదార్థం ఉంది. అరగదీసినప్పుడు ఎంత దిగిందో ఎవరికీ తెలియదు. బిడ్డ నిద్రపోయిందని మనం సంతోషిస్తాం. అది మత్తు కావచ్చు, పాలు తాగడానికి కూడా లేవకపోవచ్చు. గసగసాలు నూరి పాలల్లో పట్టడం కూడా ప్రమాదమే. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. ఆముదం పోస్తే, అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. వేలితో బ్రాందీ రాయడం గురించి వేరే చెప్పాలా?

మందుల షాపులో అడిగి దగ్గు సిరప్, జలుబు సిరప్ పట్టేవారూ ఉన్నారు, “కాస్త మగతగా ఉంటుంది” అని. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషం కలిసిన దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు చనిపోయిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు తెలియజేసింది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కలు తప్ప గ్రైప్ వాటర్ కాని, మంచినీళ్లు కాని ఏదీ అవసరం లేదు.

ఇంట్లో డ్యూటీ చార్టు

మళ్లీ ఆ తల్లి దగ్గరకు వస్తాను. పాపకు జబ్బు లేదని డాక్టరుగారు చెప్పాక, “నువ్వు చివరిసారి ఒక్క బిగిని నాలుగు గంటలు ఎప్పుడు పడుకున్నావమ్మా?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. “పురిటికి ముందు” అంది.

ఆ రాత్రికి తల్లీబిడ్డలను వార్డులో ఉంచాం. తొమ్మిదింటికి పాలు పట్టించి తల్లిని పక్క గదిలో పడుకోబెట్టాం. పాపను నేను, నైట్ డ్యూటీ సిస్టరు, ఆయా వంతులవారీగా ఎత్తుకుని వరండాలో తిరిగాం. మధ్యలో ఒకసారి తల్లి పిండి ఇచ్చిన పాలు గిన్నెతో, చెంచాతో పట్టాం. నిజం చెప్పాలంటే ముగ్గురం కలిసినా మాకూ నడుములు పట్టేశాయి. ఆ అమ్మాయి రెండున్నర దాకా కదలకుండా నిద్రపోయింది. లేచాక ఏడ్చింది. అప్పుడు నా మనసు కుదుటపడింది.

పొద్దున భర్తను, అత్తగారిని కూర్చోబెట్టి మా నర్సుల డ్యూటీ చార్టు చూపించాను. “బాబూ, ఆసుపత్రిలో రోజుకు మూడు షిఫ్టులు. ఎంత మంచి నర్సయినా 24 గంటల డ్యూటీ వేస్తే మూడో రోజుకు తప్పు మందు ఇస్తుంది. మీ ఇంట్లో ఈ పిల్ల డెబ్బై రోజులుగా ఒక్కతే మూడు షిఫ్టులూ చేస్తోంది” అన్నాను. అతను తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. బిడ్డను మగవాళ్లు ఎత్తుకుని తిరగవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అక్కడే కాగితం మీద రాశాం. రాత్రి 9 నుంచి 1 వరకు తండ్రి. ఆ సమయంలో తల్లి వేరే గదిలో పడుకోవాలి. 1 నుంచి 5 వరకు తల్లి. 5 నుంచి 8 వరకు నాయనమ్మ. మధ్యలో పాలకు తల్లి దగ్గరకు తెచ్చి, తాగగానే మళ్లీ తీసుకుపోవాలి, లేదా ముందే పిండి ఉంచిన పాలు పట్టాలి. శుభ్రమైన మూత గిన్నెలో గది చల్లగా ఉంటే పిండిన పాలు నాలుగు గంటల వరకు ఉంటాయి. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. అత్తగారితో, “పెద్దమ్మగారూ, వంట కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, ఈ మూడు గంటలు మీవే” అన్నాను. “నా మనవరాలిని నేను ఎత్తుకోనా ఏమిటి!” అంది ఆవిడ.

ఇంట్లో పెద్దవాళ్లు లేనివారూ, భర్త దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్నవారూ మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. బాలింతను చూడటానికి వెళ్లేటప్పుడు సబ్బూ పౌడరూ కొనుక్కెళతాం కదా. అవి లేకపోయినా ఫరవాలేదు. ఒక క్యారియర్ కూర, అన్నం పట్టుకెళ్లండి. గంటన్నర బిడ్డను ఎత్తుకుని ఆ తల్లిని పడుకోమనండి. సలహాలు మాత్రం తగ్గించండి.

కోపం వచ్చినప్పుడు

ఇది రాయడానికి కొంచెం బిడియంగా ఉంది. మా పెద్దవాడు పుట్టినప్పుడు నేను స్టాఫ్ నర్సును. వాడూ ఇలాంటివాడే. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలంతా వాడిని మోసేదాన్ని. ఒక తెల్లవారుజామున వాడి ఏడుపు ఎంతకీ ఆగక, మంచం మీద విసురుగా దించేశాను. పరుపు మీదే పడ్డాడు, ఏమీ కాలేదు. కాని ఒక్క క్షణం ఏడుపు ఆపి నా ముఖంలోకి చూశాడు. నా చేతులు వణికాయి. పక్క క్వార్టరులోని సీనియర్ సిస్టరుగారి తలుపు కొట్టాను. ఆవిడ ఒక్క ప్రశ్న వేయలేదు. వాడిని తీసుకుని, “పోయి పడుకో” అన్నారు.

తల్లులారా, కోపం రావడం పాపం కాదు. నిద్ర లేని మనిషికి వస్తుంది. కాని బిడ్డను ఎప్పుడూ పట్టుకుని ఊపేయకూడదు, కుదపకూడదు. పసిబిడ్డ తల బరువు, మెడ బలహీనం. కొన్ని క్షణాలు గట్టిగా కుదిపినా మెదడులో రక్తస్రావమై చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చేతులు బిగుసుకుంటున్నాయి అనిపించగానే బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి గది బయటకు రండి. ముఖం కడుక్కోండి, నీళ్లు తాగండి, ఎవరినైనా పిలవండి. పది నిమిషాలు ఏడ్చినందువల్ల బిడ్డకు ఏమీ కాదు. ఈ సంగతి తండ్రులకూ, బిడ్డను చూసే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

తల్లి మనసు

కాన్పు అయిన మూడు నుంచి ఐదు రోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో పోతుంది. అది పోకుండా ఆకలి చచ్చిపోయి, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టక, దేనిమీదా ఆశ లేక, “నేను మంచి తల్లిని కాను” అని అనుకుంటూ ఉంటే అది జబ్బు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అంటారు. సోమరితనమనో, భక్తి తక్కువై వచ్చిందనో అనకండి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులు ఉన్నాయి, నయమవుతుంది. తనకో బిడ్డకో హాని చేసుకోవాలనే ఆలోచన వచ్చినా, లేని మాటలు వినిపిస్తున్నా ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

ఆ పాప తొమ్మిది నెలల టీకాకు మళ్లీ వచ్చింది. తండ్రి భుజం మీద ఉంది. ఇప్పటికీ రాత్రికి రెండు మూడుసార్లు లేస్తుందట. గోడ పట్టుకుని నిలబడుతోంది, నా టోపీ లాగబోయింది. తల్లి జడ వేసుకుని, శుభ్రంగా ఉంది. “ఉంచేసుకోమన్నావు కదమ్మా, ఉంచేసుకోనా?” అన్నాను నవ్వుతూ. పాపను గబుక్కున తన చేతుల్లోకి తీసుకుంది.

వెళ్లేముందు అత్తగారు నా దగ్గరకు వచ్చి, ఆ డ్యూటీ చార్టు ఇంకొకటి రాసిమ్మని అడిగింది. వాళ్ల వీధిలో మరో బాలింత ఉందట.